పాత కెమెరాలను తూకానికి వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

యాత్రికుల కుటుంబాలకు ఫొటోలు తీసిన తిరుపతి స్టూడియోలు ఒక్కొక్కటిగా మూతపడుతుండగా, వాటిలోని ఫిల్మ్ కెమెరాలు పాత సామాన్ల కొట్లకు చేరి, విలువ తెలియకుండానే చేతులు మారుతుండటం బాధాకరం. ఒకే కంపెనీ కెమెరాల మధ్య కూడా ధరలో ఎంతో తేడా ఉంటుంది కనుక మోడల్ పేరును పూర్తిగా చదవాలి; ఉదాహరణకు యాషికా కంపెనీవారి మ్యాట్ 124జీ మోడల్‌కు నేటికీ కొనేవారున్నారు. లెన్స్ వెనుక నుంచి టార్చి వేసి చూస్తే, బూజు ఉన్నచోట సన్నని దారాల అల్లిక కనిపిస్తుంది. అది ధరను బాగా తగ్గిస్తుంది. షట్టర్‌ను ఒక సెకను వేగం వద్ద కూడా పరీక్షించాలి.

ఖరీదైన జర్మన్ కెమెరా 'లైకా' పేరు చెక్కి ఉండటాన్ని చూసి మాత్రం వెంటనే నమ్మరాదు. సోవియట్ ఫెడ్, జోర్కి కెమెరాలకు ఆ పేరు చెక్కి అమ్మడం పాత మోసమే. మరలా తిప్పి బిగించే లెన్స్‌ను విప్పి కెమెరా లోపలికి చూస్తే, అసలు లైకాలో లెన్స్‌కు ఆనుకుని కదిలే ఫోకస్ మీట చివర చిన్న గుండ్రని చక్రం ఉంటుంది. నకిలీలో సాధారణంగా ఏటవాలు లోహపు ముక్క కనిపిస్తుంది. బంగారు పూత ఉన్నవాటిని మరింత అనుమానించాలి.

అమ్మేవారు అడుగుతున్న ధరలను వదిలి, నిజంగా అమ్ముడైన ధరలను చూసి బేరం కుదుర్చుకోవాలని స్టూడియో కుటుంబాలకు నా మనవి.

– ఒక పాఠకుడు, తిరుపతి