పాములేరు ఒడ్డున నడిచే ముందు

రాజమండ్రి,
గురువారం రాత్రి.

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నాయనమ్మ మోకాలికి నూనె రాయించుకోమంటే వినడం లేదు. కాకినాడ పిన్ని ఫోన్ చేసి, మాటల్లో మాటగా, నువ్వు వచ్చే నెల మారేడుమిల్లి అడవికి వెళ్తున్నావనీ, ఇద్దరే వెళ్తున్నారనీ అంది. నువ్వేమో మీ అమ్మ ఫోన్ ఎత్తవు. సరే, అది అడగడానికి కాదు ఈ ఉత్తరం. వెళ్లేదానివి సరిగ్గా వెళ్తావని నాలుగు ముక్కలు.

డిసెంబరు మంచి నెలే. అక్కడి పాములేరు వాగు తేటగా, తగ్గి పారుతుంది. అయితే బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినపడితే ప్రయాణం మానెయ్యి. ఇక్కణ్ణుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా ఎనభై అయిదు కిలోమీటర్ల దాకా ఉంటుంది. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరితే ఎనిమిదికి నడక మొదలుపెట్టొచ్చు. రోడ్డు మీద గంటకు అయిదు కిలోమీటర్లు నడిచేవాళ్లు కూడా వాగు ఒడ్డున గుండ్రాళ్లు, వేళ్లు దాటుకుంటూ రెండున్నరకు మించరు. పోను మూడు, రాను మూడు కిలోమీటర్లు చాలు. ఎక్కడి దాకా అన్నది కాదు, ఎప్పటి దాకా అన్నది ముందే అనుకో: పదిన్నర కాగానే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఆ నెలలో అయిదున్నరకే పొద్దు కుంకుతుంది, కొండల సందులో అంతకు గంట ముందే మసక పడుతుంది.

మనిషికి రెండున్నర లీటర్ల నీళ్లు. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగకు, పైన పశువులు దిగుతాయి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. సగం వేసి దాచుకోవడం, తక్కువ నీళ్లలో చిక్కగా కలపడం రెండూ తప్పే. ఇద్దరికైతే రెండు ప్యాకెట్లు సరిపోతాయి. ఇద్దరే అయితే.

కొత్త బూట్లతో వెళ్లకు. కనీసం రెండు వారాలు ఇంటి చుట్టూ తొడుక్కు తిరగాలి. గోళ్లు తీసుకో, లేకపోతే దిగుడులో బొటనవేలు నల్లబడుతుంది. మడమ దగ్గర చురుక్కుమన్నప్పుడే ఆగి టేపు వెయ్యి, బొబ్బ లేచాక వేస్తే లాభం లేదు. పాచి పట్టిన రాయి మీద ఎంత ఖరీదు బూటైనా జారుతుంది. రాయి నల్లగా మెరుస్తుంటే దాని మీద కాలు పెట్టకు, పక్కన నీళ్లలోనే పెట్టు.

నీళ్ల గురించి మాత్రం కాస్త ఎక్కువే చెబుతాను. మన సుబ్బారావు మావయ్య చిన్నోడు కార్తీకమాసంలో స్నేహితులతో వెళ్లి, వాగు మధ్య బండ మీద కూర్చుని భోజనాలు విప్పాడు. పైన ఎండ కాస్తోంది. తేటగా ఉన్న నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. ఎగువన గేదెలు దిగాయనుకున్నారు. కాసేపటికి ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి, చప్పుడు బరువెక్కింది. వెంట వచ్చిన కొండరెడ్డి తెగ కుర్రాడు అరిస్తే మిగతావాళ్లు విస్తళ్లు వదిలేసి ఒడ్డెక్కారు. వీడు ఫోన్ కోసం వెనక్కి వెళ్లాడు. రెండు నిమిషాల్లో బండ చుట్టూ నడుం లోతు. దూకబోతే ఆ కుర్రాడే దూకొద్దని కేకలేసి కూర్చోబెట్టాడు. నీళ్లు బండ ఎక్కలేదు కాబట్టి సరిపోయింది. కొండవాగు ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగా తీస్తుంది, సాయంత్రానికి వీడు మోకాలి లోతులో నడిచి వచ్చాడు. ఫోన్ దొరికిందని ఇప్పటికీ గొప్పగా చెబుతాడు, వెధవ. ఎగువ కొండల్లో పడిన వాన కిందివాళ్లకు కనపడదు. రంగు మారినా, పుల్లలు వచ్చినా, ఒడ్డు వెంబడి పరుగెత్తకుండా నిటారుగా పైకి ఎక్కాలి. 2024 సెప్టెంబరులో అక్కడి జలతరంగిణి జలపాతం దగ్గర ఏలూరు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయిన వార్త నువ్వూ చదివే ఉంటావు.

దాటక తప్పకపోతే వాగు వెడల్పుగా పరుచుకున్న చోట దాటు, జలపాతానికి ఎగువన ఎప్పుడూ వద్దు. మోకాలు మునిగితే వద్దు. సంచి నడుం పట్టీ విప్పి, చేతికర్ర ఎగువ వైపు పోటుపెట్టి, ఒక్కో అడుగే.

అక్కడ ఫోన్ సిగ్నల్ నమ్మకూడదు. ఇద్దరిలో ఒకరి కాలు మెలికపడితే రెండోవాళ్లు వదిలి వెళ్లలేరు, ఉండీ ఏమీ చెయ్యలేరు. నలుగురుంటే ఒకరు దగ్గర కూర్చుంటారు, ఇద్దరు రోడ్డెక్కుతారు. అందుకే అడుగుతున్నాను, ఇంకోలా అనుకోకు. ఆ రెండోవాళ్లెవరో చెప్పమనను. చెబితే వింటాను. ఊళ్లోనే ఒక గైడును కుదుర్చుకోండి, ఒడ్డు తెలిసినవాడు. పాము కరిస్తే కట్టు బిగించకూడదు, కొయ్యకూడదు. కదపకుండా మోసుకుని రంపచోడవరం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అది ఏజెన్సీ, దోమల సంగతి తెలిసిందే. పొడుగు చేతుల చొక్కా, పూసుకునే మందు మర్చిపోకు. తిరిగొచ్చిన నెల లోపు జ్వరం వస్తే మాత్ర మింగి ఊరుకోకుండా, మారేడుమిల్లి వెళ్లొచ్చానని డాక్టరుకు చెప్పి మలేరియా రక్తపరీక్ష చేయించుకో.

మీ అమ్మ పులిహోర పంపుతానంటోంది. చింతపండుది అయితే మధ్యాహ్నం దాకా పాడవదు, పెరుగన్నం వద్దన్నాను. విజిల్, టార్చి, టేపు చుట్ట శనివారం కొరియర్‌లో వేస్తున్నాను. టార్చిలో సెల్స్ తీసి విడిగా పెట్టాను, ఎక్కించుకుని ఒకసారి వెలిగించి చూడు.

ఆశీస్సులతో,
నాన్న