టికెట్ మెషీన్ దగ్గర ఆదుకున్న పెద్దాయనకు

జపాన్‌లోని ఫుకుఒకాలో ఆ చిన్న రామెన్ (పులుసు నూడుల్స్) కొట్లో, తిండికి టికెట్లిచ్చే మెషీన్ ముందు బిక్కమొహం వేసిన తెలుగువాళ్లను ఆదుకున్న పెద్దాయనా, మీ పేరైనా అడగలేదు. మీకు దండాలు.

ముందు డబ్బు, తర్వాతే బటన్. పాత మెషీన్లు చాలావరకు 1000 యెన్ల నోటే తీసుకుంటాయి. 10,000 నోటు ఎన్నిసార్లు దూర్చినా బయటికి కక్కేస్తాయి. మీరు చిల్లర ఇచ్చి, పైన ఎడమ మూల బటన్ చూపించారు. ఆ కొట్టుకు పేరు తెచ్చిన రామెన్ సాధారణంగా అక్కడే ఉంటుంది.

అసలు మేలు నూడుల్స్ విషయంలో. ఫుకుఒకాలోని హకాటా పేట నూడుల్స్ సన్నం, పిండిలో నీళ్లు తక్కువ. వేడి పులుసును ఇట్టే పీల్చేసుకుంటాయి. ఫోటోలు తీస్తూ కూర్చుంటే మిగిలేది ముద్దే. అందుకే "కతా" అనమన్నారు, కాస్త పలుకుగా దించుతారని. మారు నూడుల్స్ కావాలంటే "కాఎదమ". అదీ మొదటి వాయి నాలుగు ముద్దలుండగానే చెప్పాలి, పులుసు తాగేయకుండా అట్టే ఉంచాలి. రెండో వాయికి పులుసు చప్పబడుతుంది కదా, బల్లమీది తారె (రుచికి కలిపే ఉప్పటి సాస్) కొద్దిగా పోశారు. ఎర్ర అల్లం మాత్రం చివర్లోనే. ముందే వేస్తే పంది ఎముకల పులుసు రుచి కాస్తా పోతుంది!

టిప్పు ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపినందుకూ థాంక్స్. గిన్నె కౌంటర్ పైఅరుగు మీద పెట్టి, మీరు నేర్పినట్టే "గొచిసోసమ" అన్నాం, భోజనానికి కృతజ్ఞతగా.