గోల్ కంటే ముందే గోల

చిరంజీవి చిన్నాకు,
అమ్మ దీవించి రాయునది.

ఉత్తరాన్ని "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టాలని మా చిన్నప్పుడు నేర్పారు. ఉభయుల కుశలం రోజుకు మూడుసార్లు ఫోనులో తేలిపోతోంది కనుక, మిగిలిన "ఉపరి" మాత్రం రాస్తున్నాను. ఇదే ఫోనులో చెబితే "సరేనమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే చివరిదాకా చదవక తప్పదు.

ముందు నీ మీద ఫిర్యాదు. మొన్న ఫుట్‌బాల్ సెమీఫైనల్లో, నా తెర మీద బంతి ఇంకా మన గోల్‌కీపర్ చేతుల్లోనే ఉంది. ఎవరికి తన్నాలా అని తీరిగ్గా చూస్తున్నాడు. ఇంతలో ఫోను మోగింది. చూస్తే "గోల్!!!" అని నీ సందేశం. ఎవరు కొట్టారో, ఏ కాలితో కొట్టారో తెలియదు, కొట్టారని మాత్రం తెలిసిపోయింది. డిటెక్టివ్ నవల మొదటి పేజీలో హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసిపెట్టేవాళ్లను నేను ఇంతవరకు క్షమించలేదు. చివరికి అలాంటి కొడుకునే కన్నాను.

సరే, ఎలాగూ వచ్చే గోలే కదా అని ఓపిక పట్టాను. అది రాకముందే నీ రెండో సందేశం: "ఛ, ఆఫ్‌సైడట." బంతి అందించే క్షణానికే మనవాడు అవతలి రక్షకులను దాటి గోల్ వైపు పోయి ఉన్నాడు, కనుక గోల్ చెల్లదని దాని అర్థం. ఆ తరువాత నా తెర మీద గోల్ పడింది! ఆ కుర్రాడు మూల జెండా దాకా పరుగెత్తి, మోకాళ్ల మీద జారి, చేతులు చాచి ఆకాశం వంక చూశాడు. మిగతావాళ్లు వచ్చి అతని మీద కుప్పగా పడ్డారు. నాకేమో "లే నాయనా, మోకాళ్లు గీసుకుపోతాయి, అది గోల్ కాదు" అని చెప్పాలని ఉంది. అందరి భవిష్యత్తూ తెలిసి నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ కాసేపటిలో అర్థమైంది. మీ నాన్నగారికి సందేశం రాలేదు. కుర్చీలోంచి లేచి గంతు వేశారు. నేను చెప్పలేదు. పాతిక సెకన్ల సంతోషం, పోనీలే అనుకున్నాను.

నా టీవీ నీ టీవీ కంటే ముప్పావు నిమిషం వెనక నడుస్తోందని ఆ రోజే లెక్క తేలింది. నీకు డిష్ మీద వస్తుంది, నాకు ఇంటర్నెట్‌లో వస్తుంది. పక్కింటి అబ్బాయి చెప్పిన దాన్ని బట్టి, ఆటను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ కుదించి, ఎక్కడెక్కడి కంప్యూటర్ల మీదుగానో పంపుతారు. దారిలో ఏదైనా ముక్క ఆలస్యమైతే బొమ్మ ఆగిపోకుండా, మన టీవీ ముందుగానే కొన్ని ముక్కలు దాచుకుని, ఆ తరువాతే చూపడం మొదలుపెడుతుంది. దాని ముందుచూపుకు నాకేమీ అభ్యంతరం లేదు. నీ వేలి వేగంతోనే నా పేచీ అంతా.

ముప్పావు నిమిషానికే ఇంత గోలా అంటావు. 1930లో మొదటి ప్రపంచ కప్పు ఉరుగ్వేలో జరిగితే యూరప్ నుంచి ఓడలో దాదాపు రెండు వారాలు వెళ్లారు. అంత దూరమా అని చాలా దేశాలు మానుకోగా నాలుగే జట్లు బయలుదేరాయి. ఫ్రాన్స్, బెల్జియం, రుమేనియా ఒకే ఓడలో, అదీ ఇవ్వబోయే కప్పుతో సహా. ఆటగాళ్లు డెక్కు మీదే కసరత్తు చేసుకున్నారు. ఫైనల్లో ఎవరి బంతితో ఆడాలన్న తగువు వచ్చి, సగం ఆట అర్జెంటీనా బంతితో, సగం ఉరుగ్వే బంతితో ఆడారు. మొదటి సగానికి అర్జెంటీనా 2-1 ముందుంది. చివరికి ఉరుగ్వే 4-2తో గెలిచింది. ఏ బంతి ఆ ఇంటివాళ్ల మాట విన్నదన్నమాట.

ఇప్పటి బంతి ఎవరి మాటా వినదు, పైగా చాడీలు చెబుతుంది. 2022 కతార్ ప్రపంచ కప్పులో బంతి లోపలి సెన్సర్ తన కదలికలను సెకనుకు 500 సార్లు చెప్పేది. ఆఫ్‌సైడ్ పట్టుకోవడానికి స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు గుర్తించేవి. సౌదీ అరేబియాతో ఆటలో అర్జెంటీనా మొదటి సగంలోనే మూడు గోల్స్ ఇలా ఆఫ్‌సైడ్‌లో పోగొట్టుకుని చివరికి 2-1తో ఓడింది. ఆఫ్‌సైడ్ లెక్కలో చేతులకు చోటు లేదు. మరి చేయి ఎక్కడ మొదలవుతుందయ్యా అంటే, చంక అడుగు భాగానికి సమంగా అని నిబంధనల్లోనే రాశారు. తలలు పండిన పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని చంక ఎక్కడ ముగుస్తుందో చర్చించిన ఆ సమావేశాన్ని చూడాలని నాకు మహా కోరిక.

రిఫరీల మాట వచ్చింది కాబట్టి మీ నాన్నగారి డ్రైవింగ్ గురించి కూడా రాస్తాను. సంబంధం ఉంది. 1966 ప్రపంచ కప్పులో ఇంగ్లండ్, అర్జెంటీనా ఆటలో జర్మన్ రిఫరీ అర్జెంటీనా కెప్టెన్‌ను బయటకు పొమ్మన్నాడు. రిఫరీకి కెప్టెన్ భాష రాదు, కెప్టెన్‌కు రిఫరీ భాష రాదు. కెప్టెన్ కదలనన్నాడు. ఆ టోర్నీ రిఫరీలకు పెద్దగా ఉన్న కెన్ ఆస్టన్ తరువాత కారులో వెళుతూ ట్రాఫిక్ లైట్ దగ్గర ఆగినప్పుడు, ఏ భాషవాడికైనా అర్థమయ్యేలా పసుపు, ఎరుపు కార్డులు చూపితే సరిపోతుంది కదా అనుకున్నాడు. 1970 మెక్సికో ప్రపంచ కప్పులో అవి మొదలయ్యాయి. అదే పసుపు దీపం చూసి మీ నాన్నగారికి వచ్చే ఆలోచన ఒక్కటే: ఇంకా వేగంగా పోనివ్వాలని.

ఫోనులో దారి చెప్పే ఆవిడ మాటా అంతే. ఆవిడ లెక్కకు ఆధారమైన, భూమికి 20,200 కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాల గడియారాలు మన గడియారాల కంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయట. దాన్ని సరిచేయకపోతే ఒక్క రోజులోనే లెక్క పది కిలోమీటర్లు తప్పుతుందట. ఐన్‌స్టీన్ సిద్ధాంతం దాకా వెళ్లి సరిచేసుకుని వచ్చి, ఆవిడ "కుడికి తిరగండి" అంటుంది. మీ నాన్నగారు "దీనికేం తెలుసు" అని ఎడమకు తిప్పుతారు.

నీ దగ్గర నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఏమైందో చెప్పనేలేదు. మన క్వార్టర్ ఫైనల్ సరిగ్గా మేము గాలిలో ఉన్నప్పుడే జరిగింది. ఇంటికి వెళ్లి మొదటి నుంచి చూద్దామని నిశ్చయించుకున్నాను. విమానం దిగగానే అందరూ ఫోన్లు తెరిచారు. నేను ఫ్లైట్ మోడ్ తీయలేదు. చెవుల్లో దూది పెట్టుకున్నాను. గోడల మీది టీవీలు కనపడకుండా మీ నాన్నగారి వీపునే చూస్తూ నడిచాను. పాస్‌పోర్టు చూసే అధికారి ఏదో అడిగితే మీ నాన్నగారే రెండుసార్లు జవాబు చెప్పారు, నాకు వినపడదనుకుని ఆ అధికారి జాలిపడ్డారు కూడా. అన్నీ దాటి సామాను బెల్టు దగ్గరకు చేరాం. అక్కడ మన జట్టు చొక్కా వేసుకున్న ఒకాయన, తన పెట్టె ఎదురుగా వచ్చి వెళ్లిపోతున్నా పట్టించుకోకుండా, ముక్కూ మొహం తెలియని ఇంకొకాయనను వాటేసుకుని ఊగుతున్నాడు. దూదికి చెవులే తెలుసు, కళ్లు తెలియవు.

ఆదివారం ఫైనల్. ఆ పూట నా ఫోను బీరువాలో ఉంటుంది, తాళంచెవి మీ నాన్నగారి దగ్గర ఉంటుంది. ఎక్కడ పెట్టారో ఆయనకే గుర్తుండదు కనుక భయం లేదు. నువ్వు మాత్రం గోల్ పడగానే వంద అంకెలు లెక్కపెట్టి ఆ తరువాతే సందేశం పంపు. అయితే ఈ ఉత్తరం నీకు అందేసరికి ఫైనల్ అయిపోయి వారం దాటుతుంది. నా విన్నపం కూడా నా టీవీలాగే నడుస్తోంది.

కప్పు ఎవరికి వస్తుందో కవరు మూత లోపలి వైపున పెన్సిల్‌తో రాశాను. అన్నిటికంటే ముందు అదే నీ కంట పడి ఉంటుంది. తప్పయితే చెరిపెయ్.

ఆశీస్సులతో,
అమ్మ