జీరో టికెట్‌ను చిన్నచూపు చూశాను

సంపాదకులకు నమస్కారం.

పల్లెవెలుగు బస్సులో 19 ఏళ్లుగా కండక్టర్‌ని. చేరినప్పుడు చేతిలో టికెట్ల కట్టలు ఉండేవి. స్టేజీ దాటేలోపు బస్సంతా టికెట్లు కొట్టేస్తే ఏదో గెలిచినట్టుండేది. పదేళ్లకు ఆ హుషారు పోయింది. చిల్లర తగాదాలు, మోకాళ్ల నొప్పులు. రాత్రి లెక్క అప్పజెప్పి ఇంటికెళ్తే పిల్లలు నిద్రలో ఉండేవాళ్లు.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం మొదలైంది. మొదట్లో నిజంగా చిన్నబోయాను. వాళ్లకిచ్చే, పైసా రాని జీరో టికెట్‌కు కండక్టర్ ఎందుకు అనిపించింది. ఓరోజు మా రూట్లో ఓ పెద్దమ్మ కొంగుముడి విప్పి ఆధార్ కార్డు చూపించింది. "నెలనెలా దవాఖానకు పోతున్న బిడ్డా. మునుపు గోలీలు అయిపోయినా కిరాయి లేక ఊకుంటుంటి" అంది. ఆ టికెట్‌ను ఆమె మడిచి, కార్డుతోపాటు అదే ముడిలో కట్టుకుంది. అప్పట్నుంచి జీరో టికెట్ కూడా చేతికందించే ఇస్తున్నాను.

అయితే పొద్దున ఎనిమిది గంటల ట్రిప్పులో కాలేజీ పిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు. లోపలికి లాగుదామన్నా నా చెయ్యి అందడం లేదు. దయచేసి ఆ వేళకు ఇంకో బస్సు వేయండి.

— ఒక మహిళా కండక్టర్, నల్గొండ జిల్లా