డిసెంబరు వార్తాలేఖ: రిపోర్ట్ కార్డు కాదు, పేపర్లు చూడండి

తల్లిదండ్రులకు నమస్కారం.

స్పోర్ట్స్ డే ఫొటోలు, సంక్రాంతి సెలవుల తేదీలు, బస్సు రూట్ల మార్పులు వెనక పేజీల్లో ఉన్నాయి. ఈ పేజీ మటుకు పదో తరగతి పిల్లల గురించి, అందులోనూ డాక్టర్ కావాలనుకుంటున్న పిల్లల గురించి. తొమ్మిదో తరగతి తల్లిదండ్రులు కూడా చదవండి, ఏడాది తిరిగేసరికి మీ వంతు వస్తుంది.

అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు ఇచ్చేశాం. ఇచ్చిన దగ్గర్నుంచీ ఒకే మాట రకరకాలుగా వింటున్నాను. "నాకు ఫిజిక్స్ రాదు మేడమ్, నేను డాక్టర్ని కాలేను." "మా నాన్నగారికి మీరే చెప్పండి మేడమ్, నేను బైపీసీ తీసుకోను." ఒకబ్బాయి ఆ మాట కూడా అనలేదు. పేపర్ని నాలుగు మడతలు పెట్టి సాక్సులో దోపుకున్నాడు.

నిరుటిదాకా పెద్దయ్యాక ఏమవుతావంటే ఠక్కున "డాక్టర్" అన్న పిల్లలే వీళ్ళు. ఈ ఏడాదిలో వీళ్ళ తెలివేమీ తగ్గిపోలేదు. పాఠాలు బరువెక్కాయి. దాంతోపాటు పోలికలూ పెరిగాయి. పేపర్లు ఇచ్చిన సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో ఎవరికెన్నో తెలిసిపోతోంది. ఆ గ్రూపులు మేము పెట్టినవి కావు, ఆపడం కూడా మా చేతుల్లో లేదు.

ఒక పేపరు సంగతి చెబుతాను. ఆ అమ్మాయి, వాళ్ళమ్మగారు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఫిజికల్ సైన్స్‌లో మార్కులు బాగా తగ్గాయి. ఆ రాత్రి అన్నం ముట్టలేదట. మర్నాడు ఆ పిల్లని, ఫిజిక్స్ సార్‌ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి పేపరు ముందు పెట్టాం. కటకాల మీద వచ్చిన మూడు లెక్కలూ తప్పే. సూత్రం సరిగ్గానే రాసింది. భిన్నాలూ సరిగ్గానే చేసింది. కానీ వస్తువు దూరం ముందు మైనస్ గుర్తు పెట్టలేదు, మూడు చోట్లా. ఇక అక్కణ్ణుంచి కిందికి వచ్చిన ప్రతి అంకె తప్పే కదా. అదే పిల్ల బయాలజీ పేపర్లో కిడ్నీలో ఉండే నెఫ్రాన్ బొమ్మ వేసింది. గ్లోమెరులస్, బౌమన్ గుళిక, హెన్లీ శిక్యం, అన్నిటికీ బాణం గీతలు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాయి. మా బయాలజీ టీచర్ ఆ బొమ్మని క్లాసంతా తిప్పి చూపించారు. ఫిజిక్స్ రాదని ఏడ్చిన ఆ పిల్లకి నిజంగా రానిది సైన్ కన్వెన్షన్, అంటే ఏ దూరానికి ప్లస్, దేనికి మైనస్ అన్న నియమం ఒక్కటే. అది చక్కబడడానికి వారం కూడా పట్టలేదు.

అందరి పేపర్లూ ఇంత తేలిగ్గా తేలవు. కొందరికి ఏడు, ఎనిమిది తరగతుల నుంచే భిన్నాల దగ్గర తడబాటు ఉంది, దానికి నెలలు పడుతుంది. అదైనా పేపరు తిరగేస్తేనే తెలుస్తుంది. మొత్తం మార్కులు చూస్తే మనకి తెలిసేది తిట్టాలా వద్దా అన్నంతవరకే.

కాబట్టి పిల్లలు "నేను కాలేనేమో" అన్నప్పుడు, "ఇలా చదివితే అయినట్టే" అనకండి. "నీకేంటి నాన్నా, నువ్వు బంగారం, తప్పకుండా అవుతావు" అని కూడా వెంటనే అనేయకండి. మొదటిది గుచ్చుకుంటుంది. రెండోదాన్ని పిల్లలు నమ్మరు. పైగా రేపు కాలేకపోతే అమ్మ ముఖం ఎలా చూడాలన్న టెన్షన్ ఒకటి తోడవుతుంది. "ఏ పాఠం దగ్గర అలా అనిపించింది?" అని అడిగి చూడండి. జవాబు వెంటనే రాదు. రాత్రి కంచం ముందు కూర్చున్నప్పుడు వస్తుంది.

ఇక ఎంబీబీఎస్ సీటు కోసం రాసే ప్రవేశ పరీక్ష, నీట్ సంగతి. ఈ భయాల్లో సగం దాని పేరు మీదే ఉన్నాయి కనుక ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 360, బయాలజీవే. ఫిజిక్స్‌కి 180, కెమిస్ట్రీకి 180. సరైన జవాబుకి 4 మార్కులు, తప్పు జవాబుకి 1 మార్కు కోత. కాలేజీలో చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. గరిష్ఠ వయసు లేదు, ఇన్నిసార్లే రాయాలన్న నిబంధనా లేదు. తెలుగులోనూ రాయవచ్చు. పోటీ మాత్రం గట్టిదే. 20 లక్షల మందికి పైగా రాస్తుంటే దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. ఇది పిల్లల దగ్గర దాచి ప్రయోజనం లేదు, వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. అయితే పదో తరగతి అర్ధ సంవత్సర మార్కులు ఆ ర్యాంకు లెక్కలో ఎక్కడా రావు.

పోయిన నెల మన పాత విద్యార్థిని ఒకామె పిల్లలతో మాట్లాడడానికి వచ్చింది. ఇప్పుడు విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో హౌస్ సర్జన్, అంటే ఎంబీబీఎస్ చివర్లో ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే డాక్టరు. 1923లో మొదలైన మన ఆంధ్రా మెడికల్ కాలేజీలోనే చదివింది. ఇంటర్ అయ్యాక మొదటిసారి సీటు రాలేదని, నీట్ కోసం మళ్ళీ ఒక ఏడాది కోచింగ్, అంటే లాంగ్ టర్మ్ తీసుకున్నానని మామూలుగా చెప్పేసింది. మొదటి ఏడాది అనాటమీ ఇంటర్నల్ తప్పానని చెప్పేసరికి వెనక బెంచీల వాళ్ళు కూడా తలెత్తారు. "రక్తం చూస్తే భయం వేయదా అక్కా?" అని ఒకడు అడిగాడు. వేసిందనీ, అలవాటైందనీ చెప్పింది. ఆమెకి అన్నిటికన్నా కష్టమనిపించింది వేరే. ఏజెన్సీ ఊళ్ళ నుంచి, ఒడిశా వైపు నుంచి వచ్చే రోగుల మాట అర్థం చేసుకోవడం. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి అని అడగడానికి ఒడియాలో నాలుగు మాటలు నేర్చుకోవలసి వచ్చిందట. ఆ సంగతి ఏ మార్కుల జాబితాలోనూ కనపడదు.

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారని చాలా ఇళ్ళల్లో చెబుతుంటారు. మంచిదే. మిగతా కథ కూడా చెప్పండి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆయనకి ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే తక్కువ స్థాయి వైద్య పట్టా ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత అమెరికా వెళ్ళి పరిశోధనలో స్థిరపడ్డారు. ఆయన బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ని ఈనాటికీ క్యాన్సర్‌కి వాడుతున్నారు. తెల్లకోటు వేసుకుని ఓపీలో కూర్చోవడం ఒక్కటే వైద్యం కాదు. డెంటల్, ఆయుర్వేదం, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మ్‌డీ అన్నీ ఉన్నాయి. దయచేసి వీటిని "సీటు రానివాళ్ళ కోర్సులు" అని పిల్లల ముందు అనకండి. ఆపరేషన్ అయిన మర్నాడు పేషెంటుని లేపి నాలుగడుగులు నడిపించేది ఎవరో మీలో చాలామందికి అనుభవమే.

ఇంకొకటి, కొంచెం చేదుగా ఉంటుంది. "కాలేనేమో" అంటున్న పిల్లల్లో కొందరికి అసలు కావాలని లేదు. ఇంట్లో ఆ మాట అనే ధైర్యం లేక, తమకి చేతకాదని చెప్పుకుంటున్నారు. బీచ్ రోడ్డులో నిలబడి, దూరాన లంగరేసిన ఓడ ఏ రకమో చెప్పే పిల్లలు మన స్కూల్లో ఉన్నారు. అలాంటి పిల్లవాణ్ణి బైపీసీలో కూర్చోబెడితే ఫీజు మీది, రెండేళ్ళు వాడివి. కావాలని ఉండి భయపడే పిల్లలు ఆ చదువు గురించి అడుగుతూనే ఉంటారు. కావాలని లేనివాళ్ళు మాట మార్చేస్తారు. తేడా మీకే బాగా తెలుస్తుంది.

సంక్రాంతికి చుట్టాలొస్తారు. భోగిమంట దగ్గరే మొదలుపెడతారు, "ఎన్ని మార్కులు? డాక్టరేనా?" అని. ఆ ప్రశ్నకి జవాబు మీరు చెప్పండి, పిల్లల్ని చెప్పనివ్వకండి. "చదువుతోంది బాబాయ్, ముందు అరిసెలు తినండి" అంటే సరిపోతుంది.

మార్కుల బాధ రెండు మూడు రోజుల్లో తగ్గాలి. వారాలు గడుస్తున్నా నిద్ర పట్టకపోయినా, పరీక్ష అనగానే కడుపునొప్పి వస్తున్నా, నలుగురిలోకి రావడం మానేసినా నాకు ఫోన్ చేయండి. "నేను ఉండి ఏం లాభం" లాంటి మాట వినిపిస్తే రేపటిదాకా ఆగవద్దు, పిల్లని ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్ళడం నామోషీ అనుకోకండి.

పదో తరగతి పేరెంట్స్ మీటింగ్ ఈ శనివారం ఉదయం 9 గంటలకి. రిపోర్ట్ కార్డు అక్కర్లేదు, జవాబు పత్రాలు పట్టుకు రండి. పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్ళ పేపరు గురించి వాళ్ళు లేకుండా మాట్లాడం. గాజువాక, కూర్మన్నపాలెం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆలస్యమైతే కంగారు పడకండి, సబ్జెక్ట్ టీచర్లు మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఉంటారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు