ఆదివారం రాత్రి మా వాషింగ్ మెషీన్ దగ్గర నాకు తోడున్న వాళ్లకు

నమస్తే అందరికీ. మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు మన కాలనీ గ్రూపులో "మెషీన్‌లో నీళ్లు నిలిచిపోయాయి, డోర్ కూడా రావడం లేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్" అని పెట్టింది నేనే. అప్పుడు మీరిచ్చిన జవాబులకు ఒక్క "థ్యాంక్స్" పెట్టి ఊరుకున్నాను, చేతులు తడిగా ఉన్నాయి, మనసు కూడా నిలకడగా లేదు. ఈ రోజు కాస్త తీరిక దొరికింది. ఎవరు ఏం చెప్పారో, దేనితో పని అయిందో మొత్తం రాస్తున్నాను, రేపు ఇంకొకరి ఇంట్లో ఇదే జరిగితే అక్కరకొస్తుంది.

మామయ్యకు తుంటి ఎముక ఆపరేషన్ అయి మూడు వారాలైంది, ఇంకా మంచం మీదే ఉన్నారు. రోజుకు రెండు దుప్పట్లు, ఒక్కోసారి మూడు, లుంగీలు, తువ్వాళ్లు, అన్నీ ఏ రోజువి ఆ రోజు ఉతకాల్సిందే. మా ఆయన డ్యూటీ భూపాలపల్లిలో, ఆదివారం సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోయారు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు. పైగా మూడు రోజుల నుంచి వదలని ముసురు. 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు హనుమకొండలో ఉన్న ఎవరికైనా వాన ఆగకుండా పడుతుంటే గుండెలో ఎట్లా ఉంటుందో తెలుసు, అట్లాంటి రాత్రి ఇంట్లో మగవాళ్లెవరూ లేకుండా, మంచాన పడ్డ మనిషికి మార్చడానికి ఎండిన దుప్పటి ఒక్కటే మిగిలి ఉంటే ఎంత టెన్షన్ అవుతుందో చెప్పలేను.

మెషీన్ ఉతకడం వరకు బాగానే ఉతికింది. నీళ్లు వదలాల్సిన దగ్గర ఆగి గుర్ర్‌మని సౌండ్ చేస్తూ ఉండిపోయింది, కాసేపటికి స్క్రీన్ మీద ఏదో కోడ్ వచ్చి బీప్ బీప్ అనడం మొదలుపెట్టింది. అద్దంలోంచి చూస్తే సగం దాకా నీళ్లు, అందులో రెండు దుప్పట్లు. కంపెనీ నంబరుకు చేస్తే కంప్లయింట్ రాసుకుని బుధవారం మనిషిని పంపిస్తామన్నారు. తెలిసినవాళ్లు ఇచ్చిన ఒక మెకానిక్ నంబరుకు చేస్తే, చూడకుండానే "మోటర్ పోయింది మేడం, మూడున్నర వేలు అవుతుంది" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. ఆపరేషన్‌కు అయిన ఖర్చే ఇంకా తీరలేదు.

అప్పుడు గ్రూపులో పెట్టాను. మొట్టమొదట కాజీపేట అక్క అడిగిన ప్రశ్నకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. మిగతావాళ్లంతా ఏ కంపెనీ, కొని ఎన్నేళ్లయింది అని అడుగుతుంటే అక్క ఒక్కటే అడిగింది, "నీళ్లు వదిలే టైంలో కింద నుంచి సౌండ్ వస్తుందా, అస్సలు రావట్లేదా?" వస్తుందని చెప్పాను. "అయితే నీళ్లు బయటికి తోసే పంపుకు కరెంటు అందుతోంది, చాలావరకు కాలిపోయి ఉండదు, ఏదో అడ్డం పడి తిరగలేకపోతోంది. అస్సలు సౌండ్ లేకపోతేనే వైరో పంపో పోయిందేమో అని అనుమానించాలి, అప్పుడు మెకానిక్‌ను పిలువు. ఇప్పుడు మాత్రం ఎవ్వరికీ డబ్బులిస్తానని మాటివ్వకు" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. అక్కా, మీ ఇంట్లో చంటిపిల్ల ఏడుస్తున్న శబ్దం కూడా అందులో వినిపించింది. పిల్లను ఎత్తుకునే నాకు మూడు మెసేజ్‌లు పెట్టారు.

కోడ్ ఫొటో పెట్టమన్నది కూడా అక్కే. ఒక్కో కంపెనీ ఒక్కో కోడ్ పెట్టుకుంటుందట, నీళ్లు పోకపోతే ఎల్‌జీ వాటిలో ఓఈ అని, శాంసంగ్‌లో 5ఈ లేదా 5సీ అని, బాష్‌లో ఈ18 అని వస్తుందట. మీ మెషీన్ పుస్తకం పారేయకుండా దాచుకోండి, అందులో ఈ కోడ్‌లన్నీ ఉంటాయి. నేను మాది వెతికితే గ్యాస్ బుక్కు కింద దొరికింది.

తర్వాత పై అంతస్తు కాక. కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, గ్రూపులో ఎప్పుడూ ఏదీ రాయరు. మెసేజ్ చూసి జవాబు పెట్టకుండా నేరుగా టార్చి, ఒక స్క్రూడ్రైవర్, పాత తువ్వాలు పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. కాకకు కూడా డెబ్బై దగ్గర పడుతున్నాయి. వచ్చీ రాగానే "ముందుగాల ప్లగ్గు తీసెయ్యి బిడ్డా" అన్నారు, ఆ తర్వాత "వేడినీళ్లలో వేసినవా, చల్లటి నీళ్లలోనా?" అని అడిగారు. నేను 60 డిగ్రీల మీద పెట్టాను, మామయ్య దుప్పట్లు కదా. అయితే చల్లారేదాకా ఆగుదాం, చేతుల మీద పడితే బొబ్బలెక్కుతయ్ అని అరగంటకు పైగా కూర్చున్నారు. ఆ అరగంట మామయ్య పక్కన కుర్చీ వేసుకుని, ఇద్దరూ కాజీపేట జంక్షన్‌లో స్టీమ్ ఇంజన్లు తిరిగిన రోజులు మాట్లాడుకున్నారు. మూడు వారాల్లో మామయ్య అంతసేపు మాట్లాడటం నేను అదే చూడటం.

చల్లారాక పని అంతా నాతోనే చేయించారు. మాది ముందు డోర్ ఉండే మెషీన్, అడుగున కుడి మూలకు చిన్న మూత ఉంటుంది, నాలుగేళ్లుగా రోజూ తుడుస్తున్నాను కానీ అది తెరుచుకుంటుందని నాకు తెలియదు. దాని లోపల వేలంత సన్నటి పైపు, చివర బిరడా. ఆ పైపును బయటికి లాగి, పిండి కలిపే పళ్లెం కింద పెట్టి బిరడా తీస్తే నీళ్లు వస్తాయి, పళ్లెం నిండగానే బిరడా పెట్టేయడం, పారబోయడం, మళ్లీ తీయడం. దాదాపు బకెట్ నిండా నీళ్లు అట్లానే తీశాం. ముందే పక్కనున్న పెద్ద మూత తిప్పి ఉంటే ఆ నీళ్లన్నీ ఒక్కసారి హాల్లోకి వచ్చేవి, కాక లేకపోతే నేను కచ్చితంగా అదే చేసేదాన్ని. నీళ్లన్నీ దిగాక పెద్ద మూతను ఎడమవైపుకు మెల్లగా తిప్పితే ఫిల్టర్ బయటికొచ్చింది. దారాలు, జుట్టు, ఒక పిన్నీసు, రెండు రూపాయల బిళ్ల, బంకలాంటి మడ్డి.

అదంతా కడిగేశాక అయిపోయిందనుకున్నాను. కాక ఒప్పుకోలేదు. "ఫిల్టర్ తీసిన బొక్కలోకి టార్చి కొట్టు, ఎన్కకు చిన్న రెక్కలు కనిపిస్తయి, వేలితోని తిప్పి చూడు" అన్నారు. తిప్పితే కదల్లేదు. టార్చి దగ్గరగా పెట్టి చూస్తే దాని చుట్టూ తెల్లటి గుడ్డ పేలిక గట్టిగా చుట్టుకుని ఉంది. పట్టుకారుతో కొద్దికొద్దిగా లాగితే జానెడు పొడవున వచ్చింది, అది మామయ్య గాయానికి కట్టే పల్చటి గాజ్ గుడ్డ. దుప్పట్లో ఉండిపోయి, డోర్ చుట్టూ ఉండే రబ్బరు సందులోంచి కిందికి జారి పంపు దాకా వెళ్లిందట. అది తీశాక రెక్కలు తిరిగాయి, కానీ సాఫీగా కాదు, కొంచెం తిరిగి ఆగి, మళ్లీ కొంచెం తిరిగి ఆగి. నాకు భయమేసి విరిగిపోయిందా అని అడిగాను. లోపల అయస్కాంతం ఉంటుందని, అందుకే అట్లా పట్టి పట్టి తిరుగుతుందని, అది మామూలేనని కాక చెప్పారు. ఈ సంగతి తెలియక బాగున్న పంపును పోయిందనుకుని మార్పించుకునేవాళ్లు ఉంటారని కూడా అన్నారు, అందుకే ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఆ గుడ్డ చేతిలోకి వచ్చినప్పుడు మంచం మీద నుంచి మామయ్య "ఏమొచ్చింది?" అని అడిగారు. ఆయన అప్పటికే తన వల్ల ఇంటిల్లిపాదీ అవస్థ పడుతున్నారని రోజూ బాధపడుతున్నారు. నేను ఏం చెప్పాలా అని ఆలోచించేలోపే కాక ఆ పేలికను తువ్వాల్లో చుట్టేసి "దారప్పోగులు అన్నా, అందరిళ్లల్ల వచ్చేయే" అన్నారు. ఎవ్వరూ నేర్పకుండా వచ్చే మర్యాద అది. మర్నాడు నేనే మామయ్యకు అసలు సంగతి చెప్పాను, ఈ పోస్ట్ కూడా ఆయనకు చదివి వినిపించాకే పెడుతున్నాను. "కాక చేసింది రాయకపోతే ఎట్ల, రాయి" అన్నారు.

ఇంతటితో అయిపోలేదు. ఫిల్టర్ గట్టిగా బిగించి, ప్లగ్గు పెట్టి, నీళ్లు వదిలి తిప్పే ప్రోగ్రాం ఒక్కటే పెడితే నీళ్లు పోతున్నాయి కానీ సన్నగా, ధార లేకుండా. అప్పుడు గ్రూపులో నిట్ (ఇంజనీరింగ్ కాలేజీ) హాస్టల్ తమ్ముడు పెట్టిన మెసేజ్ గుర్తొచ్చింది, "ఈ మధ్య మెషీన్ ఏమైనా జరిపారా అక్కా?" అని. జరిపాం. మామయ్య వాకర్ పట్టడానికి మెషీన్‌ను గోడకు నెట్టాం, వెనక నీళ్లు పోయే పైపు మధ్యలో మడతపడి నొక్కుకుపోయింది. నలుగురైదుగురు చెప్పిన సలహాల్లో ఇదొక్కటే ఇంట్లో జరిగిన మార్పు గురించి అడిగింది. మెషీన్‌ను జానెడు ముందుకు లాగగానే ధారగా పోయాయి. తమ్ముడూ, పరీక్షలు ఉన్నాయన్నావు, అయినా పదకొండు దాకా మేల్కొని అడుగుతూనే ఉన్నావు, నీకు మంచి మార్కులు రావాలి.

పైపు గురించి ఇంకో మాట, గ్రూపులో ఇద్దరు దీని మీద వాదించుకున్నారు, ఇద్దరిదీ నిజమే. మాలాంటి ముందు డోర్ మెషీన్‌కు పంపు నీళ్లను పైకి తోస్తుంది, అందుకే పైపు చివర నేల మీద పడేయకుండా రెండు నుంచి మూడడుగుల ఎత్తున తగిలించాలి, లేకపోతే ఉతుకుతుండగానే నీళ్లు జారిపోవచ్చు. పైన మూత ఉండే మెషీన్లలో చాలావాటికి పంపు ఉండదు, వాల్వ్ తెరుచుకుని నీళ్లు వాటంతట అవే కిందికి పోతాయి, వాటికి పైపు ఎత్తి పెడితే నీళ్లు పోవు. ఏ ఎత్తున ఉండాలో మీ పుస్తకంలో రాసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

పదకొండుంబావుకు డోర్ టిక్ మని తెరుచుకుంది. ఆ సౌండ్ వినగానే అత్తమ్మ దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది. దుప్పట్లు మళ్లీ ఒకసారి జాడించి, ఫ్యాన్ కింద మంచాల మీద పరిచాం, తెల్లారేసరికి ఆరాయి. ఖర్చు ఒక్క రూపాయి కాలేదు, ఇంకా రెండు రూపాయల బిళ్ల దొరికింది, దాన్ని అత్తమ్మ భద్రకాళి గుడి హుండీ కోసం పక్కన పెట్టింది.

ఇప్పుడు దుప్పట్లను ముందు బాల్కనీలో బాగా దులిపి, కట్టు గుడ్డలు, పిన్నీసులు ఉన్నాయేమో చేత్తో తడిమి చూశాకే వేస్తున్నాను. కాక చెప్పినట్టు నెలకోసారి, మామయ్య లేచి తిరిగేదాకా పదిహేను రోజులకోసారి ఫిల్టర్ తీసి కడుగుతాను. ఇంట్లో పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉన్నవాళ్లు, చిన్న సాక్సులు, చేతి తొడుగులు కూడా ఇట్లానే పంపు దాకా పోతాయట, చూసుకోండి.

బుధవారం రావాల్సిన మనిషిని రావొద్దని ఫోన్ చేసి చెప్పేశాను. అక్కా, మీ పాపను ఎత్తుకుని ఒకసారి మా ఇంటికి రండి, అత్తమ్మ మిమ్మల్ని చూడాలని రోజూ అడుగుతోంది. కాకా, మీ టార్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. రేపు పొద్దున సర్వపిండి చేసి, దాంతోపాటు పైకి తెచ్చిస్తాను, తాళం వేసుకుని వాకింగ్‌కు వెళ్లిపోకండి.