పాలకుడికి ఇష్టమైన పాట

ప్రియ మిత్రమా,

ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో జరిగిన కచేరీ వీడియో నువ్వు పంపితే ఒకసారి చూసి పడుకుందామనుకున్నాను గానీ, నిద్ర పట్టక మళ్ళీ పెట్టుకుని చూశాను. 2018 ఏప్రిల్ 1న దక్షిణ కొరియా గాయకులు పాడుతుంటే ఉత్తర కొరియా పాలకుడు కిమ్ జోంగ్ ఉన్ భార్యతో సహా వచ్చి కూర్చున్నాడు. రెడ్ వెల్వెట్ అనే అమ్మాయిల బృందాన్ని చూడడానికి తాను వస్తానా రానా అని అందరూ ఎదురుచూశారనీ, అందుకే పనులు సర్దుకుని వచ్చాననీ ఆయనే అన్నట్టు అప్పట్లో పత్రికలు రాశాయి.

నన్ను పట్టుకుని వదలనిది మాత్రం చోయ్ జిన్ హీ సంగతి. పాత తరం గాయని అయిన ఆమెను, తనది కాని, తనకు పరిచయమే లేని ఒక పాట పాడమని అడిగారు. 1985లో ఒక అన్నాచెల్లెళ్ళ జంట పాడిన పాట అది. ఎందుకు అడిగారో తెలియకుండానే నేర్చుకుని పాడింది. కచేరీ అయ్యాక కిమ్ ఆమెతో చేయి కలిపి, ఆ పాట పాడినందుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాడట. ఆయన తండ్రి కిమ్ జోంగ్ ఇల్‌కు అది ప్రాణమైన పాట అంటారు. పోయిన తండ్రికి నచ్చిన పాట వినాలనిపించడం ఎవరికైనా కలిగే కోరికే. మా నాన్న పోయిన ఏడాది ఆయన రేడియోలో వినే పాటలన్నీ నేనూ వెతుక్కుని విన్నాను కదా, నీకు తెలుసు. అందుకే ఆ కొడుకు మనసు నాకు అర్థమవుతుంది, అర్థమవుతున్న కొద్దీ కోపం పెరుగుతుంది.

ఎందుకంటే అదే పాటను అక్కడ మరొక కొడుకు తన తండ్రి కోసం వినాలనుకుంటే, చైనా సరిహద్దు దాటి దొంగచాటుగా వచ్చే మెమరీ కార్డే దిక్కు. 2020 డిసెంబరులో తెచ్చిన చట్టం ప్రకారం అక్కడ దక్షిణ కొరియా పాటలు విన్నవారికి 15 ఏళ్ళ వరకు శిక్ష పడవచ్చు, పంచిపెట్టినవారికి మరణశిక్ష కూడా పడవచ్చు.

ఆ తండ్రీకొడుకులకు పాట బలం బాగా తెలుసు. తండ్రి చొరవతో పోచోన్‌బో అనే ఎలక్ట్రానిక్ వాద్యబృందం వెలిసింది. 2012లో కొడుకు పొట్టి గౌన్లతో, ఎలక్ట్రిక్ వయొలిన్లతో మోరాన్‌బోంగ్ బృందాన్ని వేదిక ఎక్కించాడు. ఆ బలం అవతలివారికీ తెలుసు: 2016 జనవరిలో ఉత్తర కొరియా అణుపరీక్ష జరిపినప్పుడు దక్షిణ కొరియా వారు సరిహద్దులో లౌడ్‌స్పీకర్లు పెట్టి వినిపించిన వాటిలో సినిమా పాటల్లాంటి హుషారు పాటలు కూడా ఉన్నాయి.

వీడియోలో ముదురు రంగు సూట్లలో, రంగురంగుల పట్టు దుస్తుల్లో వరుసగా కూర్చున్న ప్రేక్షకులను ఇంకోసారి చూడు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక వాళ్ళలో ఎవరైనా, పిల్లలు నిద్రపోయాక, తలుపు గడియ వేసుకుని, తాము విన్న చరణం ఒకటి కూనిరాగంగా తీసుకున్నారా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

నీ మిత్రుడు